అడవి తునకలలో విత్తనాల గతి: ఒక పరిశోధనపై విమర్శ

విత్తనాల వ్యాప్తి అనగానే తరగతి గదిలో జిల్లేడు దూది, పల్లేరు కాయ బల్లమీదికి వస్తవి. విత్తనానికి ఏ సాధనమున్నదో పాఠం చెప్పుతుంది. ఆ సాధనం పనిచేయని చోట చెట్టు వంశం ఏమవుతుందో చెప్పదు. ఈ లోటును కొంతవరకు తీర్చగల వ్యాసమొకటి 2001లో ‘కన్సర్వేషన్ బయాలజీ’ పత్రికలో వెలువడినది. నార్బర్ట్ కార్డీరో, హెన్రీ హోవ్ దాని రచయితలు.

టాంజానియా దేశపు ఈశాన్య భాగాన తూర్పు ఉసాంబరా కొండలున్నవి. తేయాకు తోటలకోసం నరికినందున అక్కడి అడవి కొన్నిచోట్ల విడివిడి తునకలుగా మిగిలినది. రచయితలు ఆ తునకలలోను, తెగని అడవిలోను చెట్లజాతుల మొలకలను, పిల్లచెట్లను లెక్కించినారు. పక్షులు, జంతువులు వ్యాపింపజేసే 31 జాతుల పిల్లమొక్కలు 9 హెక్టారులకు (సుమారు 22 ఎకరాలు) మించని తునకలలోకంటె తెగని అడవిలోను, 30 హెక్టారులకు తగ్గని తునకలలోను మూడురెట్లకు పైగా ఉన్నవి. ఆ ప్రాంతంలో తప్ప మరెక్కడా పెరగని 10 జాతుల విషయంలో తేడా 40 రెట్లు!

ఈ 40 అనే అంకె చదువరి కంటిని పట్టి లాగుతుంది. కాని వ్యాసానికి ప్రాణం మరొకచోట ఉన్నది. గాలివల్ల గాని, తమ బరువుచేత రాలి గాని వ్యాపించే 8 జాతులను కూడ రచయితలు లెక్కించినారు. వాటికి చిన్న తునకలలో లోటేమీ కనబడలేదు. ఈ లెక్క ఎందుకు? చిన్న తునకలోనికి నలువైపులనుండి ఎండ, గాలి చొరబడతవి, నేల ఆరిపోతుంది. మొలకలు ఆ కారణంగానే చచ్చినవని ఎవరైనా అనవచ్చు. అదే నిజమైతే ఈ 8 జాతులు కూడ తగ్గవలసినది. తగ్గలేదు గనుక అనుమానం విత్తనాలను మోసే ప్రాణులు లేకపోవుటమీదికి మళ్ళుతుంది. ప్రయోగంలో పోల్చి చూచుటకు ఉంచే రెండవ కుండీ వంటిది ఈ లెక్క.

అయితే ఈ రెండవ కుండీ మొదటిదానికి అచ్చమైన జోడు కాదు. పండ్లచెట్లకు, గాలివిత్తుల చెట్లకు విత్తనం పరిమాణంలోను, నీడను ఓర్చుకొనే శక్తిలోను తేడాలుండవచ్చును. 31 జాతుల కెదురుగా 8 జాతులు కొద్దిపాటివే. అంతేకాదు, మొలకలను లెక్కించినంత మాత్రాన పక్షి విత్తనాన్ని మోసినదీ మోయనిదీ తేలదు. తునకలలో పరాగసంపర్కం సరిగా జరుగక కాయలే తక్కువ కాసి ఉండవచ్చును గదా! కాబట్టి 2001 నాటి వ్యాసంలో నిర్ణయం సాక్ష్యంకంటె ఒక అడుగు ముందు నడచినది.

ఆ అడుగును పూడ్చినది వారిదే 2003 నాటి రెండవ వ్యాసం. ఇందులో వారు లెప్టోనిఖియా ఉసాంబరెన్సిస్ అనే ఒక్క చెట్టునే పట్టుకొన్నారు. దాని విత్తనాలను మోసే పక్షులు తునకలలో అరుదు, లేదా అసలే లేవు. అక్కడ చెట్టునుండి తరలిపోయిన విత్తనాలు తక్కువ. పిల్లమొక్కలు తల్లిచెట్టు దగ్గరనే గుమికూడినవి. తల్లి నీడ మొక్కకు క్షేమకరం కాదు. ఆ జాతినే తినే పురుగులు, బూజులు తల్లిచెట్టు చుట్టూ హెచ్చుగా ఉంటవని జాన్‌జెన్ 1970లోను, కానెల్ 1971లోను వేరువేరుగా ప్రతిపాదించినారు. పక్షి లేకపోవుట, విత్తు కదలకపోవుట, పిల్లమొక్కలు ఒక్కచోట ఇరుక్కొనుట—ఈ గొలుసు ఇక్కడ కంటికి కనబడుతుంది. కాని ఒక్క చెట్టు తక్కిన 30 జాతుల తరఫున సాక్ష్యమివ్వలేదు. ఆ పని మిగిలియే ఉన్నది.

చెట్టు ఆయుర్దాయం దీర్ఘమైనది. నేడు తునకలో కాయలు కాస్తున్న మాను అడవి తెగకముందే మొలచినదై ఉండవచ్చును. పైనుండి చూచినవారికి, పటంలో పచ్చరంగు కొలిచినవారికి ఆ తునక నిండు అడవివలెనే కనబడుతుంది. ఈ రచయితలు కొమ్మలవైపు గాక నేలవైపు చూచి లెక్కపెట్టినారు.