పాలెందుకు?

ఇంటర్ రెండేళ్లూ బిట్లు బట్టీపట్టి వచ్చిన పిల్లలు డిజైన్ కోర్సులో చేరగానే ‘పరిశోధన’ అంటే ఫోన్ తీస్తారు. కలంకారీ గురించి రాసుకు రమ్మంటే అందరివీ అవే నాలుగు పేరాలు, అదే నెమలి బొమ్మ. వాళ్లనేం అంటాం? జవాబెప్పుడూ ఎక్కడో అచ్చయి ఉంటుందనే కదా మనం నేర్పింది!

అందుకే ఫస్టియర్ క్లాసులో నేను టాపిక్ చెప్పడం మానేసి, ప్రశ్న వేస్తాను. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు గుడ్డను కరక్కాయ కలిపిన గేదెపాలలో తడిపి ఆరబెడతారు. పాలెందుకు? రంగు పాకకుండా అని పుస్తకంలో ఉంటుంది. నిజమో కాదో తేల్చమంటాను. ఒక ముక్క గేదెపాలలో, ఒకటి ప్యాకెట్ పాలలో, ఒకటి పాలు లేని కరక్కాయ నీళ్లలో. ఆరాక అన్నిటిమీదా ఒకే వెదురు కలంతో ఒకే గీత.

ఆ గీతకు కావలసిన రంగు కోసం తుప్పు ఇనుము, బెల్లం, నీళ్లు కలిపి వారాల తరబడి పులియబెట్టిన కుండ మూత తీస్తే సగం క్లాసు వరండాలోకి పోతుంది. ఉన్నవాళ్లకే వింత కనబడేది. కలం నుంచి దిగిన లేత గోధుమరంగు నీరు గుడ్డను తాకి, చూస్తుండగానే నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్, ఇనుము కలిస్తేనే ఆ నలుపు. ‘రంగు కుండలో లేదు మేడమ్, గుడ్డలో ఉంది’ అందొక అమ్మాయి. సగం నిజమే. కెమిస్ట్రీ అంటే ఆమడ దూరం పరిగెత్తే ఆ పిల్లే సాయంత్రం లైబ్రరీలో కనిపించింది.

పాలు లేని ముక్కమీద గీతకు మీసాలు మొలిచాయి. గేదెపాల ముక్కమీద గీత గీసినట్టే నిలిచింది. అది పాలలోని కొవ్వు మహిమ అంటారు. ప్యాకెట్ పాల దగ్గరే తగాదా: టోన్డ్ పాలా, ఫుల్ క్రీమా, ఎవరూ రాసుకోలేదు. మరుసటి వారం మళ్లీ చేశారు, ఈసారి రాసుకుంటూ. నా దృష్టిలో అసలు పాఠం అదే.

‘ముందు బొమ్మ గీయడం రానివ్వండి’ అంటారు తోటి అధ్యాపకులు. కానీ జర్మనీలో 1919లో మొదలైన డిజైన్ బడి బౌహౌస్‌లో కొత్తవాళ్లకు ముందు ప్రాథమిక కోర్సే ఉండేది. అక్కడ జోసెఫ్ ఆల్బర్స్ ఉత్త కాగితాలు చేతికిచ్చి, వీటితో ఏం చేయొచ్చో మీరే కనిపెట్టమనేవాడు.

చిక్కల్లా మార్కుల దగ్గరే. సీనియర్లది చూసి దించిన రికార్డుకు నిండా మార్కులు, పాలమరకల ఈ నోట్‌బుక్కుకు సున్నా. సిలబస్ కమిటీల్లో కూర్చునే పెద్దలకు ఒక్కటే మనవి: రికార్డుకిచ్చే మార్కుల్లో సగమైనా దీనికి మార్చండి.