ట్రాములో పుట్టిన యెంకి

మద్రాసులో కరెంటు ట్రాములు 1895లో మొదలయ్యాయి. అదే ఏడు ఏలూరు దగ్గరి వసంతవాడలో నండూరి సుబ్బారావు పుట్టారు. ఈ రెండింటికీ చుట్టరికం ఇరవై ఏళ్లు దాటాక కలిసింది.

1917-18 ప్రాంతంలో ఆయన మద్రాసు క్రిస్టియన్ కాలేజీ విద్యార్థి. ఓ రోజు ట్రామెక్కి ఇంటికెళ్తుంటే, ఏ ప్రయత్నమూ లేకుండా నోట ఒక పల్లవి పలికిందట. దాన్నే నెమరేసుకుంటూ ఇల్లు చేరి, పాట పూర్తి చేసి, స్నేహితుడు బసవరాజు అప్పారావుకు వినిపించారు. యెంకి పాటలకు అదే శ్రీకారం. మొదటి పాటకు దొరికింది పాఠకుడు కాదు, శ్రోత.

ఇంత పొలం వాసన ఉన్న పాట పొలం గట్టున పుట్టకపోవడమే చిత్రం. కాలవలూ ఊడ్పులూ కళ్లెదుట ఉన్నన్నాళ్లూ ఆ యాసలో పాటుందని తోచదేమో. చుట్టూ అరవం, క్లాసులో ఇంగ్లీషు కమ్ముకున్నాకే ఊరి మాట చెవిలో మోగుతుందేమో. 1961లో మిన్నెసోటా వదిలి న్యూయార్క్ చేరిన బాబ్ డిలన్ కూడా పల్లె గొంతును ఆ మహానగరపు కాఫీ హోటళ్లలోనే ఎత్తుకున్నాడు.

యాసంటే అక్షరాలను వంకర్లు తిప్పడం కాదు. 'వెంకి' అని రాసి చూడండి, పిల్ల మారిపోతుంది! 'యెంకి' అంటేనే నాలుక పల్లెకు దిగుతుంది. ఒత్తులు తేలిపోతాయి, క్రియ చివర 'ఆది' అని సాగి తాళానికి చోటిస్తుంది. కంటితో కాదు, చెవితో చేయాల్సిన పని.

పాటలు 1925లో పుస్తకమయ్యాయి. పండితుల్లో కొందరికి రుచించలేదు. అక్కిరాజు ఉమాకాంతం 'నేటికాలపు కవిత్వం'లో భావకవులతో పాటు వీటినీ ఉతికి ఆరేశారు. ఆ కోపం పూర్తిగా అన్యాయమనీ అనలేం. నాట్లేసే పిల్లకు యెంకికున్నంత తీరిక ఎక్కడిది? కాకపోతే ప్రబంధ నాయికలకున్న తీరికే సుబ్బారావు ఈమెకూ ఇచ్చి, మాట మాత్రం ఆమెదే ఉంచారు. ఆ రోజుల్లో చిన్న తెగింపేం కాదది.

తర్వాత ఏలూరులో ప్లీడరయ్యారు. దావాలు, వాయిదాలు. ఆయన పాటలను ఎవరూ రాయని జానపదాలనుకునేవాళ్లు ఇప్పటికీ తారసపడతారు.

మద్రాసు ట్రాములు 1953లో ఆగిపోయాయి. సుబ్బారావు మరో నాలుగేళ్లు ఉన్నారు.