సభ్యులు కానివారి చిట్టా

కడియపులంక నర్సరీలలో అంట్లు కట్టు సత్తెమ్మ యను స్త్రీ ఒకతె కలదనుకొందము. ఆమెది మీటల ఫోను. ఫేస్‌బుక్కులో గాని వాట్సాపులో గాని ఆమె ఎన్నడును చేరలేదు. అయినను ఆమె సంఖ్య ఆ కంపెనీలకు తెలియకుండుట దుర్లభము. నర్సరీ యజమాని ఫోనులో ఆ సంఖ్య “అంట్ల సత్తెమ్మ” అనియు, మేస్త్రీ ఫోనులో “పులంక సత్తెమ్మ” అనియు, రాజమహేంద్రవరములో చదువుకొను కుమారుని ఫోనులో “అమ్మ” అనియు వ్రాయబడి యుండును. పరిచయస్థుల జాబితా చూడనిత్తురా యని అడిగినపుడు ఈ మువ్వురును సరేయని నొక్కుదురు. కొన్ని కంపెనీలు సంఖ్యను మాత్రమే తీసికొందుమని చెప్పును. మరికొన్ని పేర్లను సహితము తీసికొనును. అప్పుడు ఆమె పేరు, ఊరు, పని, బిడ్డ అన్నియు ఒకచోట చేరుటకు వీలగును. ఇచ్చినవారు తలకొక ముక్కయే ఇచ్చిరి, కలుపువాడు ఒక్కడే.

పూర్వము కరణముగారి దండకవిలెలో ఊరందరి లెక్కయు నుండెడిది. 1984లో కరణీకము రద్దగువరకు అందలి తప్పులకు రైతులు పడిన పాట్లు తక్కువవి కావు. కాని ఆ పుస్తకము ఎవరి యింట నున్నదో ఊరెల్ల నెరుగును.

ఒకరి సమ్మతి ఎందరిని పట్టియిచ్చునో 2018లో తేలినది. కేంబ్రిడ్జి ఎనలిటికా వ్యవహారమున, భారతదేశములో ఆ ప్రశ్నల అప్లికేషనును పెట్టుకొన్నవారు 335 మంది మాత్రమేయనియు, వారి స్నేహితులై నందున వివరములు పోయియుండుటకు అవకాశము గలవారు 5,62,120 మంది యనియు ఫేస్‌బుక్కు కంపెనీయే ప్రకటించెను. ఈ స్నేహితులు ఫేస్‌బుక్కు సభ్యులేగాని ఆ అప్లికేషనును కన్నెత్తి చూచినవారు కారు. ఇక సభ్యులే కానివారి సంగతి? అదే సంవత్సరము ఏప్రిల్ 11న అమెరికా ప్రతినిధుల సభా సంఘము ఎదుట మార్కు జుకర్‌బర్గు, భద్రత కొరకై వారి వివరములను గూడ సేకరింతుమని ఒప్పుకొనెను.

కంపెనీల సమాధాన మొకటి కలదు. సంఖ్యను ఉన్నదున్నట్లు ఉంచక, “హాష్” అను గణితక్రియచే గుర్తెరుగరాని వరుసగా మార్చుదురట. పిండియైన బియ్యము మరల గింజలు కానట్లే దానిని వెనుకకు త్రిప్పరాదట. ఉపమానము బాగున్నది, లెక్క బాగులేదు. ఒక సంఖ్య ఎప్పుడును ఒకే వరుసనిచ్చును. మన మొబైలు సంఖ్యకు అంకెలు పది. మొదటిది 6, 7, 8, 9లలో ఒకటి. కావున సంఖ్యలన్నియు కలిసి 400 కోట్లకు మించవు. అన్నిటిని వరుసగా వేసి పట్టిక తయారుచేయుట నేటి కంప్యూటరుకు పెద్ద పని కాదు. వెనుకకు త్రిప్పనేల? పట్టికలో వెదకిన చాలును. రహస్యాంకెలు కలిపినచో బయటివారికి కష్టమగును గాని, కలిపిన కంపెనీకి కాదు. 2021లో ఐర్లండు దత్తాంశ రక్షణ సంఘము వాట్సాపునకు 22.5 కోట్ల యూరోల జరిమానా విధించినపుడు, సభ్యులు కానివారి సంఖ్యలు ఇట్లు మార్చిన పిదపను వ్యక్తిగత వివరములేయని ఆ తీర్పులో నిర్ణయింపబడినది.

మన దేశమున గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీముకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పినది. 2023లో డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టము వచ్చినది. 2025 నవంబరులో నియమావళి వెలువడినది. చట్టమంతయు సమ్మతి యను స్తంభముపై నిలిచినది. లోపమును అక్కడనే కలదు. తన వివరములేమి యున్నవో చూపుమని అడుగు హక్కును 11వ సెక్షను, దిద్దించుకొను, తుడిపించుకొను హక్కును 12వ సెక్షను, పూర్వము సమ్మతి నిచ్చినవారికే ఇచ్చుచున్నవి. సమ్మతి నిచ్చిన కుమారుడు అడుగవచ్చును. ఎవరును అడుగనేలేని తల్లి అడుగరాదు. 13వ సెక్షను క్రింద ఆమె ఫిర్యాదు చేయవచ్చునన్నచో, ఉన్నదో లేదో చూడనీయని చిట్టాపై ఏమని వ్రాయవలెను? కుమారుని తప్పు పట్టుటకు వీలులేదు. స్వంత, గృహ అవసరములకై చేయు పనిని 3వ సెక్షను మినహాయించినది, అది న్యాయమే. ఆ జాబితాను తీసికొనిన కంపెనీకి ఆ మినహాయింపు లేదు. కాని దానిని ప్రశ్నింపవలసిన మనిషికి వాకిలియు లేదు.

సభ్యులు కానివారు తమ సంఖ్యను తీసివేయించుకొనుటకై మెటా కంపెనీ ఒక పత్రము నేర్పరచినదని 2022లో పత్రికలు వ్రాసినవి. దానిని పూరించుటకు మొదట ఆ సంఖ్యనే ఈయవలెను. తీసివేసిన పిమ్మట మరల ఎవరైనను చేర్పకుండుటకై ఆ సంఖ్య ప్రతిని నిషేధపట్టికలో ఉంచుకొందురు.