డై లేని పెట్టె

ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టేవాళ్లు ఎండురేకును నేరుగా మడవరు. తడిగుడ్డ తాకించి, మెత్తబడ్డాకే నెయ్యి రాసి, పంచదార పొడి చల్లి మడత వేస్తారు. లేకపోతే రేకు ముక్కలవుతుంది. వాటిని సర్దే అట్టపెట్టెకూ ఇదే నియమం. అట్టను ఊరికే వంచితే పైన అచ్చేసిన రంగు పగిలి తెల్లటి చార తేలుతుంది. అందుకే మడత రావాల్సిన చోట ముందే సన్నటి గాడి నొక్కుతారు. ప్రెస్సువాళ్ల మాటలో అది క్రీజింగ్.

కోత, గాడి ఒకే దెబ్బకు పడతాయని తెలిసింది ఓ పొరపాటు వల్ల. 1879లో బ్రూక్లిన్‌లో రాబర్ట్ గెయిర్ కార్ఖానాలో సంచుల మీద మడత గీత నొక్కాల్సిన లోహపు పట్టీ జరిగి, వాటిని కోసేసింది. కోసే పట్టీని ఎత్తుగా, నొక్కే పట్టీని కాస్త తక్కువగా బిగిస్తే చాలని ఆయన పట్టేశాడు. ఇవాళ్టి డై కూడా అదే: ప్లైవుడ్‌లో సందులు కోసి, ఉక్కు పట్టీలు దిగ్గొట్టి, పక్కన రబ్బరు ముక్కలు అంటించిన చెక్క.

డై మెషినెక్కాక షీట్లు చకచకా దిగుతాయి. ఆలస్యమంతా అంతకుముందే. డై చేయించాలి, బిగించాలి, కోత తెగని చోట వెనక కాగితం ముక్కలు అంటించి ఒత్తిడి సరిచేయాలి. పెట్టె కొలత మారితే మళ్లీ కొత్త డై. ఆ ఖర్చు పదివేల పెట్టెల మీద తెలియదు, రెండొందల మీద మోయలేం.

డిజిటల్ కటింగ్‌లో కంప్యూటర్‌లో గీసిన గీతలే డై. యంత్రం బల్ల కింది నుంచి గాలి లాగి అట్టను కదలనివ్వదు. కెమెరా అచ్చులోని గుర్తులు చూసుకుంటుంది. కత్తి కోస్తుంది, చిన్న చక్రం గాడి నొక్కుతుంది. షీటుకు షీటు పోటీ పెడితే డై ప్రెస్సే గెలుస్తుంది. డిజిటల్‌లో ఆదా అయ్యేది ఎదురుచూపుల కాలం. 2012లో ముద్రణ యంత్రాల ప్రదర్శన ద్రుపాలో ఇజ్రాయెల్ కంపెనీ హైకాన్ చూపిన యంత్రం లేజర్‌తో కోసి, పాలిమర్ గీతలతో గాళ్లు నొక్కి, ఆ వేగంలోనూ తేడా తగ్గించాలని చూసింది.

మన గోదావరి జిల్లాలకు ఈ డిజిటల్ కటింగ్ పనికొస్తుందని నా నమ్మకం. ఆషాఢం సారె, సీమంతం, పెళ్లి... పెట్టె మీద పేర్లుండాలి, అదీ ఎల్లుండికే కావాలి. 2023లో పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చాక, ఇంట్లో రేకులు తీసే మహిళకూ తన పేరున్న పెట్టె ఉంటే బాగుండును. ఆమెకు కావాల్సింది వందే. సంక్రాంతికి వేలల్లో పోయే సరుకుకు మాత్రం డైనే చవక.

అట్టలో నార ఏ వైపు పోతోందో, దానికి అడ్డంగా వేసిన మడత ఎక్కడ పగులుతుందో, లామినేషన్ ఉంటే గాడి ఎంత లోతుండాలో ఫైలు దానంతటది చెప్పదు. ఏళ్ల తరబడి డైలు బిగించిన మేస్త్రీకి అవి వేళ్లకే తెలుసు. కొత్త మెషిన్ కొనే యజమానులకు నేను చెప్పేది ఒక్కటే: పాత మేస్త్రీని పంపించకండి, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టండి.