కొటేషన్ గుర్తులు దాటిన భాష: స్కాటిష్ నవలలో కథకుడి గొంతు

బుకర్ బహుమతి చరిత్రలో ఇప్పటివరకు ఇద్దరు స్కాటిష్ రచయితలకే ఆ గౌరవం దక్కింది. 1994లో జేమ్స్ కెల్మన్ నవల ‘హౌ లేట్ ఇట్ వాజ్, హౌ లేట్’, 2020లో డగ్లస్ స్టువర్ట్ నవల ‘షగీ బేన్’. రెండూ గ్లాస్గో కార్మికవర్గపు కథలే. రెండింటిలోనూ తాగుడు, నిరుద్యోగం, ప్రభుత్వ భృతి మీద ఈడ్చే బతుకులు ఉన్నాయి. అయినా మొదటి నవలకు బహుమతి ప్రకటించగానే రభస జరిగింది. రెండవదానికి దాదాపు అందరూ హారతి పట్టారు. ఇరవై ఆరేళ్లలో పాఠకుల అభిరుచి విశాలమయిందని దీనికి సాధారణంగా చెప్పే వివరణ. అందులో కొంత నిజం ఉంది. కానీ ఆ రెండు నవలల్లో కథ చెప్పే భాష ఒకటి కాదన్న సంగతిని ఆ వివరణ దాటవేస్తుంది.

కెల్మన్ నవలలో సామీ అనే మాజీ ఖైదీ పోలీసుల చేతిలో దెబ్బలు తిని, లాకప్పులో చూపు పోయి మేలుకుంటాడు. అక్కడినుంచి అతను ప్రభుత్వ కార్యాలయాల్లో తన అంధత్వాన్ని నిరూపించుకోవడానికి పడే పాట్లే కథ. ఇదంతా చెప్పేది గ్లాస్గో వీధి భాష. సామీ మాటకు కొటేషన్ గుర్తులు లేవు. అతను పైకి అన్నదీ, మనసులో అనుకున్నదీ, కథకుడు చెప్పినదీ ఒకే గొంతులో, ఒకే నుడికారంలో కలిసిపోతాయి. ఒకచోట పోలీసులు అతని వాంగ్మూలాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తూ, అతని మాట ఒకటి యంత్రంలో ఇమడదని అభ్యంతరపెడతారు. తరువాత నవలకు పట్టిన గతీ అదే. న్యాయనిర్ణేతలలో ఒకరైన రబ్బీ జూలియా న్యూబర్గర్ ఆ నిర్ణయాన్ని బహిరంగంగానే తప్పుబట్టారు. లండన్ పత్రికలలో కొందరు దాన్ని సాహిత్యంగానే ఒప్పుకోలేదు. పుస్తకంలోని బూతులను లెక్కపెట్టినవారూ ఉన్నారు.

ఆ కోపానికి కారణం బూతులేనా? బూతులాడే పాత్రలు ఇంగ్లీషు నవలకు కొత్త కాదు. కెల్మన్ తన వ్యాసాలలో పదేపదే ఎత్తిచూపినది మరొక సంగతి. సంప్రదాయ నవలలో పేదవాడు కొటేషన్ గుర్తుల లోపల మాత్రమే తన యాసలో మాట్లాడతాడు. వాటి బయట, అతని ఇంటిని వర్ణించేదీ, అతని మనసును విప్పిచెప్పేదీ, అతని మంచిచెడ్డలు తేల్చేదీ చదువుకున్నవాడి భాష. అంటే యాసకు మాట్లాడే అనుమతి ఉంది, ఆలోచించే అధికారం లేదు. 1970లలోనే గ్లాస్గో కవి టామ్ లెనర్డ్, టీవీ వార్తలు గ్లాస్గో యాసలో చదివితే ఎవరైనా నమ్ముతారా అన్న ప్రశ్న చుట్టూ ఒక కవిత రాశాడు. నిజాన్ని ప్రకటించే గొంతు ఎవరిది అన్నదే లెనర్డ్ అడిగినదీ, కెల్మన్ అడిగినదీ.

పాటకూ ఫుట్‌బాల్‌కూ ఈ ఇబ్బంది అంతగా ఎదురుకాలేదు. లీత్‌లో పుట్టిన కవల సోదరులు క్రెయిగ్, చార్లీ రీడ్ ‘ద ప్రొక్లేమర్స్’ పేరుతో 1980ల నుంచి తమ సొంత యాసలోనే పాడుతున్నారు. 2016 మే 21న హాంప్డెన్ మైదానంలో హిబర్నియన్ జట్టు రేంజర్స్‌ను 3-2తో ఓడించి, 1902 తరువాత తొలిసారి స్కాటిష్ కప్ గెలిచింది. ఆ రోజు వేలమంది అభిమానులు ‘సన్‌షైన్ ఆన్ లీత్’ను గొంతెత్తి పాడిన దృశ్యం ప్రపంచమంతా తిరిగింది. ఆ ఉచ్చారణను ఎవరూ తప్పుపట్టలేదు, ముచ్చటపడ్డారు. గుంపులో, పాటలో వినిపించే యాస ఎవరికీ తీర్పు చెప్పదు గనుక అది అందరికీ ముద్దుగానే ఉంటుంది. కథకుడి పీటమీద కూర్చున్నప్పుడే పేచీ.

ఇక ‘షగీ బేన్’. న్యూయార్క్‌లో ఫ్యాషన్ రంగంలో పనిచేస్తూ స్టువర్ట్ రాసిన తొలి నవల ఇది. పాత్రలు గ్లాస్గో యాసలో మాట్లాడతాయి, కథకుడు నిండైన ప్రామాణిక ఇంగ్లీషులో చెబుతాడు. దీన్ని రాజీ అని కొట్టిపారేయడం అన్యాయం. తాగుడుకు బానిసైన తల్లి ఆగ్నెస్ ఎంత పతనమైనా ఒద్దికగా మాట్లాడటం మానదు. కొడుక్కీ అదే నేర్పుతుంది. ఆ మాటతీరు వల్లే వాడు తోటిపిల్లల ఎగతాళికి గురవుతాడు. కాబట్టి ఆ కథన భాష ఆగ్నెస్ కలగన్న భాష కూడా. అంతేకాదు, కెల్మన్ నవల తనకెంత ముఖ్యమో స్టువర్ట్ స్వయంగా చెప్పాడు. అయినా కెల్మన్ కూల్చిన గోడ ఈ నవలలో మళ్లీ నిలబడే ఉంది. ఈ విజయాన్ని ఆ పాత వివాదానికి ముగింపుగా చదవడం పొరపాటు.

అదే 2020లో, బ్రిటన్‌లో అదే పికడోర్ సంస్థ గ్రేమ్ ఆర్మ్‌స్ట్రాంగ్ నవల ‘ద యంగ్ టీమ్’ను ప్రచురించింది. ఎయిర్‌డ్రీ కుర్రాళ్ల ముఠాలు, మత్తు, రేవ్ సంగీతం దాని ప్రపంచం. ఇర్విన్ వెల్ష్ 1993 నాటి ‘ట్రెయిన్‌స్పాటింగ్’ చదివి సాహిత్యం వైపు మళ్లిన రచయిత ఇతను. ఇందులో అజీ అనే కుర్రవాడు తన కథను ఆసాంతం తన ఊరి భాషలోనే చెబుతాడు. భయాన్నీ పశ్చాత్తాపాన్నీ తూచడానికి అతనికి మరో భాష అరువు తెచ్చుకోవలసిన అవసరం రాలేదు. రెండు నవలలనూ పక్కపక్కన పెట్టి చదివితే, ఒకటి మనకు జాలి కలిగిస్తుంది, మరొకటి జాలిపడే చనువు మనకివ్వదు.

తెలుగు పాఠకులకు ఈ తేడా పరిచితమే. సంభాషణల్లో మాండలికం, కథనంలో ‘శిష్ట’ వ్యావహారికం అన్న పద్ధతి మన కథలో ఎంతగానో పాతుకుపోయింది. నామిని ‘పచ్చనాకు సాక్షిగా’ కథలను చిత్తూరు పల్లె భాషలోనే ఆద్యంతం నడిపినప్పుడు ఆ కథలకు వచ్చిన బలం ఆ గోడ లేకపోవడం వల్ల వచ్చినదే.

2025లో స్కాటిష్ పార్లమెంటు గేలిక్‌తోపాటు స్కాట్స్‌కూ అధికార హోదా ఇస్తూ చట్టం చేసింది. 2011 జనగణనలో దాదాపు 15 లక్షలమంది తాము స్కాట్స్ మాట్లాడతామని చెప్పుకున్నారు. చట్టం ఒక భాషకు గుర్తింపు ఇవ్వగలదు గాని, ఆ భాషలో చెప్పిన మాటను సత్యంగా వినే చెవిని ఇవ్వలేదు. ఆ పని నవలది. 1994లో బహుమతి అందుకుంటూ కెల్మన్ తన భాషకూ సంస్కృతికీ ఉనికి హక్కు ఉందని ప్రకటించాడు. అతని నవల అడిగింది అంతకంటే ఎక్కువ: కథ చెప్పే హక్కు.