న్యాయవాది చరిత్రదృష్టి: దిగవల్లి శివరావు ‘కథలు-గాథలు’

దిగవల్లి వేంకటశివరావు (1898-1992) వృత్తిరీత్యా బెజవాడ న్యాయవాది; కృషిరీత్యా కుంపిణీ పాలనకు తెలుగు చరిత్రకారుడు. ‘కథలు-గాథలు’ అన్న పేరు ఆ రచనలను కాలక్షేప సాహిత్యంగా భ్రమింపజేస్తుంది. ఆ భ్రమ తొలగితేగాని వాటి చారిత్రక విలువ తేలదు.

శివరావు సామ్రాజ్య స్వరూపాన్ని యుద్ధరంగంలో కంటె కచేరీలలో, దుబాసీల వ్యవహారాలలో ఎక్కువగా వెదికారు. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31 నాటి ‘కాశీయాత్రచరిత్ర’ను ఆయన 1941లో పరిష్కరించి ప్రకటించడం ఈ దృష్టి ఫలితమే. మద్రాసు సుప్రీంకోర్టు ద్విభాషి రాసిన యాత్రాకథనంలో పాలనకు సంబంధించిన సాక్ష్యాన్ని న్యాయవాది పోల్చుకొన్నారు.

ఈ పద్ధతి ప్రయోజనం మంత్రాలయ ప్రాంతానికి అన్వయిస్తే స్పష్టమవుతుంది. 1800లో నిజాము, తాను ఆశ్రయించిన కుంపిణీ సైన్యపు ఖర్చు కింద ఆదవానితో సహా దత్తమండలాలను వదులుకొన్నాడు. జనస్మృతిలో మాత్రం నిలిచింది ఆ సంధి కాదు. మఠమాన్యం విచారణకు వచ్చిన మన్రోకు రాఘవేంద్రస్వామి దర్శనమిచ్చిన గాథ. పత్రం ఒక్కటే చదివితే ప్రజల మనసు తెలియదు. గాథ ఒక్కటే వింటే మాన్యాల విచారణ వెనుక ఉన్న రాజ్యవిస్తరణ కనబడదు.

న్యాయవాద శైలికి పరిమితి లేకపోలేదు. జాతీయోద్యమ కాలపు రచయిత గనుక కుంపిణీపై అభియోగం కొన్నిచోట్ల విచారణకు ముందే నిలుస్తుంది. అయినా కథను సాక్ష్యంగా పరీక్షించే ఆయన మార్గం స్థానిక చరిత్ర పరిశోధకులకు నేటికీ అనుసరణీయం.