కలకి కొలతలు

‘షెర్లాక్ జూనియర్’ 1924లో బస్టర్ కీటన్ తీసిన మూకీ సినిమా. నిడివి ముప్పావు గంట. అమెరికాలో ఒక చిన్న ఊరి సినిమా హాల్లో ప్రొజెక్టర్ నడిపేదీ, హాలు ఊడ్చేదీ ఒకే కుర్రాడు. ఆ వేషం కీటన్‌దే. వాడికి డిటెక్టివ్ కావాలని మోజు. మొదట కాసేపు వాడి రోజువారీ తిప్పలు చూస్తాం. ఆ తర్వాత వాడు ప్రొజెక్టర్ పక్కనే కునుకు తీస్తాడు. అక్కణ్ణుంచి దాదాపు చివరిదాకా కలే. కలలో ఏం జరిగినా అడిగేవాడు లేడు కదా అని చాలామంది దర్శకులు అక్కడ చెయ్యి వదులు చేస్తారు. కీటన్ మాత్రం కల దగ్గరికొచ్చేసరికి కొలత టేపు బయటికి తీశాడు.

కలకన్నా ముందు తిప్పల అల్లిక చూడాలి. హాలు చెత్త ఊడుస్తుంటే కుర్రాడికి ఒక డాలర్ నోటు దొరుకుతుంది. జేబులో ఉన్న రెండూ ఇదీ కలిస్తే, ప్రేమించిన పిల్లకి మూడు డాలర్ల మిఠాయి పెట్టె కొనొచ్చు. ఇంతలో ఒకమ్మాయి వచ్చి డాలర్ పోయిందంటుంది, ఇచ్చేస్తాడు. ఒక ముసలామె ఏడుస్తూ వస్తుంది, తన సొంత డాలరే ఇచ్చేస్తాడు. మూడోవాడు ఒక మొరటు మనిషి. అడక్కముందే వాడికీ చెయ్యి చాపుతాడు కుర్రాడు. వాడు ఆ నోటు వద్దని చెత్త కెలికి నోట్లు కుక్కిన పర్సు తీసుకుని పోతాడు. చివరికి మిగిలిన ఒక్క డాలర్‌తో చిన్న పెట్టె కొని, దాని మీద ధర ‘1’ని పెన్సిల్‌తో ‘4’గా దిద్దుతాడు. చూసేవాళ్లు నవ్వి మర్చిపోయే చిన్న గొప్పలు అవి. కానీ వాడి పోటీదారు ఆ పిల్ల తండ్రి గడియారం కొట్టేసి, నాలుగు డాలర్లకి తాకట్టు పెట్టి, చీటీని కుర్రాడి జేబులోకి జారుస్తాడు. సోదాలో చీటీ బయటపడుతుంది. దాని మీదా నాలుగు, పెట్టె మీదా నాలుగు! తన పెన్సిల్ గీతే వాణ్ణి దొంగని చేసింది. కథలో ఒక్క మేకు కూడా వృథాగా కొట్టలేదు. పిల్లకిచ్చిన ఉంగరంలో రాయి మరీ చిన్నదని, కనబడేందుకు వాడు భూతద్దం కూడా ఇస్తాడు. అదే భూతద్దం డిటెక్టివ్ సామాను కూడా.

అవమానంతో బయటపడ్డ కుర్రాడు, అనుమానం ఉన్నవాణ్ణి అంటిపెట్టుకుని వెంబడించాలన్న డిటెక్టివ్ సూత్రాన్ని అక్షరాలా పాటిస్తాడు. పోటీదారు వెనక అడుగు దూరంలో, వాడి మడమ లేవగానే తన మడమ లేపుతూ నడుస్తాడు. వాడు తూలితే వీడూ తూలతాడు. వాడు విసిరేసిన సిగరెట్ వీడి చేతిలో పడుతుంది, ఒక దమ్ము కూడా లాగుతాడు. ఇద్దరూ తల నుంచి కాలిదాకా ఒకే ఫ్రేములో కనిపిస్తారు. ముక్కలుగా తీసి అతికిస్తే ఈ నవ్వు రాదు. కాళ్లు నిజంగా జతకలిశాయని కంటికి తెలియాలి. చివర్లో కుర్రాడు కదిలే గూడ్సు బండి పెట్టెల కప్పుల మీదుగా పరుగెత్తి, ఇంజిన్లకి నీళ్లు పట్టే తొట్టి గొట్టాన్ని పట్టుకుని వేలాడతాడు. గొట్టం కిందికి దిగుతూ వాణ్ణి పట్టాల మీదికి దించి, మీద జలపాతం కుమ్మరిస్తుంది. ఆ నీటి ఊపుకి కీటన్ మెడ పట్టాకి కొట్టుకుంది. ఎముక విరిగి అతుక్కుందని ఏళ్ల తర్వాత ఎక్స్‌రేలో గాని బయటపడలేదు. ఆ దెబ్బ తగిలిన షాటే సినిమాలో ఉంది.

ఇక కల. నిద్రపోతున్న కుర్రాడిలోంచి పారదర్శకమైన ఇంకో కుర్రాడు లేచి, గోడ మేకుకున్న టోపీ తీసుకుంటాడు. అసలు టోపీ మేకుకే ఉంటుంది, వాడి చేతిలోకి దాని నీడలాంటిది వస్తుంది. ఇది ఒకే ఫిల్ము మీద రెండుసార్లు తీసిన బొమ్మ. అప్పటి కెమెరాలు చేత్తో తిప్పేవి. కెమెరాని కదలకుండా బిగించి, ముందు నిద్రపోయే మనిషిని తీసి, ఫిల్మును వెనక్కి చుట్టి, లేచే మనిషిని దాని మీదే మళ్లీ తీయాలి. ఎన్ని చుట్లు తిప్పారో లెక్క తప్పితే రెండోవాడు వేళకి లేవడు. ఛాయాగ్రాహకుడు ఎల్జిన్ లెస్లీ చేతి నిలకడ మీదే ఇదంతా ఆధారపడింది.

కలలో వాడు హాల్లోంచి నడిచివెళ్లి తెరలోకి ఎక్కేస్తాడు. నిజానికి అక్కడ తెర లేదు. తెర ఉండాల్సిన చోట వేదిక కట్టి, మనుషుల్ని నిలబెట్టి, వెలుగు మాత్రం ప్రొజెక్టర్ వేసిన బొమ్మలా కనిపించేట్టు అమర్చారు. అందుకే వాడు అంచు దాటే క్షణంలో అతుకు కనబడదు, అక్కడ అతుకే లేదు కనక.

లోపలికి వెళ్లాక సినిమాయే వాడి మీద తిరగబడుతుంది. తోటలో బల్ల మీద కూర్చోబోతే తోట పోయి వీధి వస్తుంది, బండ్ల మధ్య వెల్లకిలా పడతాడు. లేచి నడిస్తే కొండ అంచు. కిందికి తొంగిచూస్తే చుట్టూ సింహాలు. తప్పించుకుంటే ఎడారి, పక్కనుంచి రైలు దూసుకుపోతుంది. దిబ్బ మీద కూలబడితే అది సముద్రం మధ్య బండ అవుతుంది. నీళ్లలోకి దూకితే మంచులో తలకిందులుగా దిగబడతాడు. వెనకాల ఊళ్లు మారిపోతుంటాయి, మనిషి మాత్రం ఉన్నచోటే, ఉన్న భంగిమలోనే ఉంటాడు.

దీన్ని ఎలా తీశారో కీటన్ తర్వాత వివరించాడు. బండ మీద దూకబోయే భంగిమలో ఒక్క క్షణం కదలకుండా ఉంటాడు, షాటు ఆపుతారు. కెమెరా ముందు అడ్డపట్టీ పెట్టి, టేపుతో రెండు కోణాల నుంచి మనిషి దూరం కొలుస్తారు. ఎత్తు కోసం భూమి సర్వే చేసేవాళ్ల పరికరాలు వాడారు. తర్వాతి చోట అవే కొలతలతో అతణ్ణి నిలబెడతారు, కెమెరా తిప్పడం మొదలవగానే దూకుతాడు. మనకి అదే దూకుడు కొనసాగినట్టు ఉంటుంది. ఒక చోట మొదలైన కదలిక ఇంకోచోట పూర్తవుతుంది, మధ్యలో పోయిన కాలం ఎంతైనా సరే. పాదం కొంచెం పక్కకి పడ్డా మనిషి ఎగిరిపడ్డట్టు కనిపించేది, కల కాస్తా కెమెరా తప్పుగా తేలిపోయేది. నా మటుకు మొత్తం మూకీ సినిమాలో ఇంత నిక్కచ్చిగా చేసిన వెర్రి మరొకటి లేదు.

కలలో డిటెక్టివ్ అయిన కుర్రాడి రెండు గంతుల సంగతి కూడా చెప్పాలి. ఒకదానిలో అతని అసిస్టెంటు గుండ్రటి పెట్టెలో ముసలమ్మ గౌను పెట్టి కిటికీకి ఆనిస్తాడు. ఇంటి గోడ మాయమై లోపలా బయటా ఒకేసారి కనబడతాయి. కీటన్ కిటికీలోంచి దూకి, ఆ గుండ్రం గుండా గౌనులోకి దూరి, బయట ముసలమ్మై నడిచిపోతాడు. కోత లేదు. రెండోదానిలో కీటన్, కంచె దగ్గర ఆడవేషంలో నిలబడ్డ అసిస్టెంటు చేతి పెట్టెలోకి దూకి మాయమవుతాడు. కంచెలో రహస్యంగా తలుపు ఉంది, అసిస్టెంటు ఒళ్లు కంచె వెనక అడ్డంగా ఉంది, ముందు వేలాడేది ఉత్త గౌను. ఇది పాత వాడెవిల్ రంగస్థలపు కిటుకు. చిన్నప్పటి నుంచి అమ్మానాన్నలతో రంగస్థలం మీద పెరిగిన కీటన్‌కి ఇలాంటివి కొత్త కాదు. సినిమాలో ఆ పిల్ల తండ్రిగా వేసింది కూడా అతని సొంత నాన్న జో కీటనే.

మోటార్ సైకిల్ హ్యాండిల్ మీద కూర్చున్న కీటన్‌కి, వెనక నడిపేవాడు ఎప్పుడో పడిపోయాడని తెలియదు. ఆ పడిపోయేవాడి వేషం వేసుకుని పడింది కూడా కీటనే! వంతెన మధ్య ఖాళీలోకి రెండు లారీలు ఎదురెదురుగా వచ్చి దారైపోవడం వగైరాలు చూసి ఆనందించాల్సినవే, వివరించక్కర్లేదు.

ఇంత ఆర్భాటంగా కలలో డిటెక్టివ్ కేసు ఛేదిస్తుంటే, అసలు దొంగని పట్టుకున్నది ఎవరు? ఆ పిల్ల. నడిచి తాకట్టు కొట్టుకి వెళ్లి, గడియారం తెచ్చిందెవరో గుర్తులు చెప్పమని అడిగింది, అంతే. ఆ సంగతి కుర్రాడు నిద్రలోకి జారకముందే అయిపోతుంది. ఈ వరసలోనే కీటన్ కొంటెతనం ఉంది. కేసు తేలిందని మనకి తెలిశాక, తెలియని వాడికి అంత పెద్ద కల తీరిగ్గా వస్తుంది. మెలకువ వచ్చేసరికి ఆమె ప్రొజెక్టర్ గదిలో ఎదురుగా ఉంటుంది. ఏం చెయ్యాలో తోచక వాడు గది కంతలోంచి తెర మీది నాయకుణ్ణి చూస్తూ, అతను చేసినట్టే చెయ్యి పట్టుకుంటాడు, ఉంగరం తొడుగుతాడు, ముద్దు పెడతాడు. తెర మీద బొమ్మ చీకటై మళ్లీ వెలిగేసరికి నాయకుడి ఒళ్లో కవలపిల్లలుంటారు. ఈ మధ్యలో ఏం చెయ్యాలో సినిమా చూపించలేదు. వాడు బుర్ర గోక్కుంటాడు.